మిషనుతో మాత్రమే మాట్లాడబడును

జగ్గయ్యపేట,
జూలై, రెండో ఆదివారం.

గౌరవనీయులైన మెర్లిన్ వదిన గారి దివ్య సముఖమునకు,

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో ఉన్న తప్పులకు, లేని తప్పులకు, ఇకముందు మా ఇంట్లో జరగబోయే సమస్త అనర్థాలకు, మొన్నటి గాలివానకు మీ వీధిలో కరెంటు పోయినందుకు, మునేరులో నీళ్ళు ఆలస్యంగా వచ్చినందుకు, నీకంటే ఏడాది వెనక పుట్టి నిన్ను వదినని చేసినందుకు, తల వంచి, చేతులు జోడించి, కన్నీళ్ళు ప్రస్తుతం అందుబాటులో లేనందున కుళాయి నీళ్ళతో ముఖం తడుపుకొని మరీ క్షమాపణ వేడుకుంటున్నాను. వీటిలో ఏ ఒక్కటీ నేను చేసింది కాదు. అయినా మన కుటుంబంలో ఎవరో ఒకరు క్షమాపణ అడగడం మొదలుపెట్టాలి కదా. పెద్దవాళ్ళు ఎలాగూ అడగరు.

చేతిలో సెల్లుండగా ఉత్తరమేంటని విస్తుపోకు. నీ సెల్లు పొద్దున లేచింది మొదలు మీ అమ్మ, అదే మా అత్తయ్య చేతిలోనే ఉంటుంది. అందులో బైబిలు వాక్యం వింటూ, మధ్యలో వచ్చిన మెసేజీలన్నీ పైకి చదివి, అవసరమనిపిస్తే ప్రార్థనలో కూడా పెడుతుంది. కిందటేడు నేను నీకు పంపిన జోకు ఒకటి మీ స్త్రీల కూటంలో ప్రార్థన అంశమైందని నాకు కబురందింది. అందుకే మీ స్కూలు అడ్రసుకు రాస్తున్నాను. నువ్వూ నాకు మా డీఎస్సీ కోచింగ్ సెంటరుకే రాయి. మా ఇంటి ఫోను సంగతి విన్నాక నువ్వెలాగూ ఇంటికి ఫోను చెయ్యవు.

నాన్న ఫోను కొన్నాడు. నెట్టు కనెక్షనుతోపాటు ల్యాండ్‌లైను ఉచితంగా వచ్చింది. ఉచితంగా వచ్చిన దానికోసం పనిగట్టుకుని విజయవాడ వెళ్ళి తీగ లేని ఫోను కొనుక్కొచ్చాడు. దాని స్టాండు హాల్లో టీవీ పక్కన ఉంటుంది. చేత్తో పట్టుకునేది దొడ్లోకి తీసుకెళ్ళి, చిక్కుడు పాదు దగ్గర నిలబడి, కాయలు కోస్తూ మాట్లాడొచ్చు. గేటు దాటితే మాత్రం గరగరమంటుంది. తిరుపతిరావు గారి అరుగు చేరేసరికి ప్రాణం వదులుతుంది. తిరుపతిరావు గారు మా ఎదురింటాయన. పొలం కౌలుకిచ్చేసి, శేష జీవితాన్ని మా ఇంటి వైపు చూడటానికి కేటాయించిన పెద్దమనిషి.

ఈ ఫోనుకి ఆన్సరింగ్ మిషను కూడా ఉంది. నాలుగుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే, మనం ముందుగా చెప్పి పెట్టిన మాటలు అవతలివాళ్ళకు వినిపిస్తుంది. తర్వాత ఒక కూత పెట్టి, వాళ్ళు చెప్పేది పట్టి ఉంచుతుంది. పట్టి ఉంచడమే కాదు, వాళ్ళు చెబుతుండగానే హాలంతా మోగేటట్టు వినిపిస్తుంది కూడా. అంటే ఇంట్లో లేమని చెప్పి ఇంట్లోనే కూర్చుని వినొచ్చన్నమాట. ఇలాంటి సౌకర్యం మనలాంటి కుటుంబానికి అందకుండా ఉండాల్సింది.

మనం చెప్పి పెట్టే మాటలకు మిషను ఇచ్చే సమయం కొంచెమే. నాన్నకి కొంచెం సమయం ఇవ్వడమంటే ఏమిటో నీకు తెలుసు. పొద్దున టిఫిను కాగానే మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనం వేళదాకా చెప్పి, చెరిపి, మళ్ళీ చెప్పి, చివరికి అలిసిపోయి వదిలేసింది ఇది: "వందనాలు. ఇది విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు స్తెఫను గృహము. తమరు ఫోను చేసినందుకు సంతోషము. ప్రస్తుతము మేము ఇంట లేము. ఎందుకు లేమనగా." అంతే, కూత. మా పాస్టరు గారు ఆ కారణం కోసం చాలాసేపు కాచుకుని, చివరికి "సరే మాస్టారూ, కనిపెడుతుంటాం" అని పెట్టేశారు. గ్యాసు అబ్బాయి మాత్రం "ఎందుకండీ?" అని అడిగాడు. వాడి గొంతు ఇంకా మిషనులో ఉంది.

ఇక అసలు విషయం. మూడేళ్ళ కిందట మా రూబీ అక్క పెళ్ళిలో ఏం జరిగిందో నువ్వెరుగుదువు, అక్కడే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వావు. అయినా చరిత్ర స్పష్టంగా ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నాన్న భోజన ప్రార్థన మొదలుపెట్టాడు. భూమ్యాకాశాలను, వియ్యాలవారిని, వంటవాళ్ళను, షామియానా వేసినవాళ్ళను, హైవే మీద లారీలు నడుపుకునేవాళ్ళను పేరుపేరునా జ్ఞాపకం చేసుకున్నాడు. హాలంతా కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. పత్తి పంట దగ్గరికొచ్చి ఆయన ఊపిరి తీసుకున్న సందులో, నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు, నా మేనత్త, మీ అమ్మ జయమణి గారు గట్టిగా "ఆమెన్" అంది. హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అని కళ్ళు తెరిచింది. గరిటెలు లేచాయి. నాన్న నోరు పత్తి దగ్గరే తెరుచుకుని ఉండిపోయింది. ఆ రోజునుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. నాన్న లెక్క ప్రకారం ఆ ప్రార్థన ఇంకా పూర్తి కాలేదు.

నీకు నవంబరులో పెళ్ళనీ, పెళ్ళికొడుకు రూబెన్ అన్నయ్యది వత్సవాయి అనీ ఎవరో చెబితే తెలిసింది. ఎవరో చెబితే తెలియడమే ఇక్కడ సమస్య. నాన్న పైకి "పిలవని పెళ్ళికి నేనెందుకెళ్తా" అంటూ, లోపల కొత్త బూట్లు తొడుక్కుని హాల్లో చప్పుడు చూసుకుంటున్నాడు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. నేను ఏమీ చెయ్యనని ముందే మాటిస్తున్నాను.

ఇట్లు, తమ విధేయుడు,
శాంతికుమార్, బి.ఎస్సీ., బి.ఇడి., నిరుద్యోగి.


నందిగామ,
జూలై నెలాఖరు.

శాంతీ,

నీ క్షమాపణ అందింది. లేటుగా వచ్చిన మా టెన్తు పిల్లలు చెప్పే కారణంలా ఉంది. ఇకమీదట కవరు మీద "దివ్య సముఖమునకు" అని రాయకు. మా హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించాడు. లెక్కల టీచరుకి సముఖం ఉంటుందని అక్కడెవరికీ తెలియదట.

నేను సూటిగా చెబుతాను. మా నాన్న లేరు కాబట్టి చర్చి గుమ్మం దగ్గర్నుంచి ముందుదాకా నా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది మావయ్యే. ఇంకొకరు నాకు వద్దు. ఈ మాట చెప్పడానికే నీ ఉత్తరం అందిన వారమే మీ ఇంటికి వచ్చాను, నువ్వు కోచింగ్‌కి వెళ్ళావు. మావయ్య జున్ను పెట్టించాడు, బస్టాండు దాకా వచ్చి సీటు చూసి కూర్చోబెట్టాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గర నిలబడి, "మీ అమ్మ నోటితో పిలిస్తే వస్తా తల్లీ. లేకపోతే రాను" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "ముందు ఆయన మాట్లాడాల. పెద్దోడు ఆయన" అంది. ఇద్దరి మధ్యా నా చెయ్యి గాల్లో ఉంది.

నీ ఉత్తరం చదివాక ఒక పొరపాటు చేశాను. మీ ఇంట్లో మిషను ఉందనీ, అందులో మావయ్య గొంతు వినిపిస్తుందనీ అమ్మ చెవిన వేశాను. ఆదివారం సాయంత్రం నా సెల్లు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ వేళకి మావయ్య వాకింగ్‌లో ఉంటాడని ఆమెకి తెలుసు. మాటల్లేవు గానీ, ఆయన ఎప్పుడు లేస్తాడో ఎప్పుడు తింటాడో అన్నీ తెలుసు. బయటికొచ్చి, "ఎందుకు లేరంట?" అంది. ఎవరమ్మా అంటే చెప్పదు. అన్నం తింటూ మళ్ళీ, "ఎందుకు లేమనగా అని ఆపితే ఎట్టా? ఏం చెప్పబోయాడో ఏమో" అంది.

మర్నాడు మళ్ళీ చేసింది. ఈసారి తలుపు కూడా వెయ్యలేదు. నేను అలా చూస్తుంటే, "ఆయనతో మాట్లాడనన్నా గానీ, మిషనుతో మాట్లాడనని నేనెక్కడ అన్నా?" అని నన్నే దబాయించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. ఏం చెప్పిందో విని రాయి. మిషను మీద మాత్రం చెయ్యి వెయ్యకు. నీ చెయ్యి పడ్డ మా గ్రైండరు ఏమైందో నేను మర్చిపోలేదు.

మెర్లిన్


జగ్గయ్యపేట,
ఆగస్టు, పంద్రాగస్టు మర్నాడు.

మెర్లిన్ వదినకి,

(సముఖము రద్దు చేయడమైనది.)

మీ గ్రైండరు సహజ మరణం పొందింది. నేను దగ్గరున్నాను, అంతే.

ఆ రోజు చినుకులు పడటం వల్ల నాన్న వాకింగ్‌కి వెళ్ళలేదు. ఇది అత్తయ్యకి తెలియదు. ఫోను మోగింది. నాన్న చిక్కుడుకాయల గిన్నెతో దొడ్లోంచి వచ్చేసరికి మిషను కూత పెట్టింది, హాలంతా అత్తయ్య. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇదిగో మిషనూ. నీకే చెప్తన్నా, మీ మాస్టారికి కాదు. ఆ రోజు పసిపిల్లలు నిలబడున్నారు, షుగరున్నోళ్ళు నిలబడున్నారు. బిర్యానీ చల్లారిపోయింది. నేను ఆమెన్ అన్నది అందుక్కాని ఇంకెందుక్కాదు. ఎవరైనా అడిగితే చెప్పు."

నాన్న చేతులు కట్టుకుని విన్నాడు. ఎక్కాలు అప్పజెప్పించుకునేటప్పుడు అలాగే నిలబడేవాడు. అయిపోయాక, "మిషనుకి చెప్పిందా. సరే" అన్నాడు. ఎత్తి మాట్లాడొచ్చు కదా అని అమ్మ అంటే, "నాతో మాట్లాడలేదుగా" అన్నాడు. గిన్నె కింద పెట్టి, గొంతు సవరించుకుని, మిషను ముందు కూర్చుని, పాత మాటలు చెరిపేసి కొత్తవి చెప్పాడు: "వందనాలు. ఇది స్తెఫను గృహము. బిర్యానీ చల్లారలేదు. మూత తీసినవారు లేరు గనుక చల్లారుటకు అవకాశము లేదు. తమరి సందేశము చెప్పవచ్చును."

వదినా, నాన్న చెప్పదలచుకున్నది టైములోపల ముగించడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

మర్నాడు అత్తయ్య నుంచి జవాబు. హాస్టల్లో వార్డెనుగా పిల్లలందరికీ వండించినదాన్ని, మూత తీసినా తియ్యకపోయినా చల్లారుద్ది, నాకు చెప్పొద్దు అని సారాంశం. దానికి నాన్న, "వందనాలు. హాస్టలు సాంబారు వేరు, పెళ్ళి బిర్యానీ వేరు." దానికి అత్తయ్య ఏమన్నదో రాయడానికి నా చదువు సరిపోదు.

ఇందులో చిన్న చిక్కుంది. నాన్న తన చెల్లెలికి ఇచ్చే జవాబులు మా ఇంటికి ఫోను చేసిన ప్రతివాళ్ళకీ వినపడతాయి. గ్యాసు అబ్బాయి సాంబారు సంగతి విన్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటు విని, పాలసీ సంగతి మర్చిపోయి, "మూత గట్టిగా ఉంటే చల్లారదండీ" అని తన అభిప్రాయం వదిలి వెళ్ళాడు. నాన్న బజారుకెళ్తే, "ఏం మాస్టారూ, తేలిందా" అని పలకరిస్తున్నారు. తిరుపతిరావు గారైతే పొద్దున పేపరు చదవడం మానేశారు. కాఫీ తాగుతూ మా అరుగు వైపు చూస్తూ, తన సెల్లులోంచి మా ఇంటికి ఫోను చేసి, ఆ పూట మాటలు విని, చిన్నగా నవ్వి పెట్టేస్తారు. ఆ నవ్వు కూడా మిషను పట్టి ఉంచుతోంది.

ఇప్పుడు మా ఇంట్లో ఫోను మోగితే ఎవరూ ఎత్తరు. నేను చెయ్యి చాచినా నాన్న కళ్ళతోనే ఆపి, "మోగనీ. మిషను చూసుకుంటది" అంటున్నాడు. ఎత్తితే మాట్లాడాల్సి వస్తుందని భయం కాబోలు. ఈ చివరి వాక్యం చదివి చింపెయ్యి.

శాంతికుమార్,
మిషను పర్యవేక్షకుడు (గౌరవ హోదాలో)


నందిగామ,
సెప్టెంబరు.

శాంతీ,

ఇక్కడ అమ్మ పదేళ్ళు చిన్నదైపోయింది. పొద్దున ముగ్గుబుట్టలాంటి జుట్టు విరబోసుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని, ఇవాళ మిషనుకి ఏం చెప్పాలో నా మీద సాధన చేస్తోంది. ముందు ఆయన కొత్త మాటలు వింటుంది. విని, "చూశావా ఎట్టా అంటన్నాడో" అంటుంది. కోపంగానే అంటుంది గానీ, ఆ తర్వాత అదే మళ్ళీ వినడానికి ఇంకోసారి చేస్తుంది. పోట్లాడుకుంటున్నారంటే మాట్లాడుకుంటున్నారనే లెక్క అని నేనూ ఊరుకున్నాను.

కానీ మొన్న రూబెన్ వాళ్ళమ్మ, అమ్మాయి మేనమామతో ఒక మాట మాట్లాడదామని మీ ఇంటికి ఫోను చేసిందట. "హాస్టలు సాంబారు వేరు" అని విని బెదిరిపోయింది. మా ఇంట్లో సాంబారు గురించి ఏదైనా దాస్తున్నామా అని రూబెన్ నన్ను అడిగాడు. నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేశాను. అదీ అనుమానంగానే ఉందట.

శాంతీ, సరదా సరదాగానే ఉంది గానీ, మా పాస్టరు గారు నన్ను నడిపించేది ఎవరో పేరు చెప్పమంటున్నారు. రేపు ఆదివారం అడుగుతానని అమ్మ ఒప్పుకుంది. మిషనుకే చెబుతుందట. "అడిగినట్టుండకూడదు, అడక్కుండానూ ఉండకూడదు. అట్టా చెప్తాలే" అంది. వారం నుంచి ఆ వాక్యం కడుతోంది.

ఆదివారం మావయ్యని ఇంట్లో ఉండేట్టు చూడు.

మెర్లిన్


నందిగామ,
అక్టోబరు.

శాంతికుమార్,

ఏం చేశావు నువ్వు?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. మావయ్య గొంతు అయిపోయాక మధ్యలో ఎవరో ఆవిడ ఇంగ్లీషులో ఏదో చెప్పిందట. అమ్మ ఆవిడ ముగించేదాకా ఆగి, తన మాట తను చెప్పింది. "మెర్లిన్‌ని నడిపించడానికి నువ్వు కాక ఎవరున్నారు? ఆ సంగతి నీకు తెలవదా?" అంది. ఫోను పెట్టేశాక సెల్లు నాకివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

జవాబు కోసం సోమవారం చేసింది. మంగళవారం చేసింది. మావయ్య ఏమన్నాడో తెలుసా? "వందనాలు. గిన్నె ఇత్తడిది. ఇత్తడి వేడి నిలుపును." అంతే. నా గురించి అడిగితే గిన్నె గురించి చెప్పాడు. అమ్మ ఇక ఫోను చెయ్యలేదు. బుధవారం మా సంఘపెద్ద ప్రేమానందం గారి ఇంటికెళ్ళి, అమ్మాయిని మీరే నడిపించాలని అడిగి వచ్చింది.

ఆ మాట మావయ్య చెవిన పడకుండా నువ్వే చెరిపేశావని నా అనుమానం. నీకిదంతా తమాషా. పట్నమంతా నవ్వుకుంటోంది కదా, ఆపడం ఎందుకనుకున్నావేమో. నాకిది పెళ్ళి.

మెర్లిన్


జగ్గయ్యపేట,
అక్టోబరు, నీ ఉత్తరం అందిన రోజే.

వదినా,

క్షమాపణలు రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చింపాను. ఒక్కటీ నవ్వు తెప్పించేలా రాలేదు. జరిగింది రాస్తాను.

నేనేమీ చెరపలేదు. నా తప్పల్లా చెరపకపోవడమే. నీ ఉత్తరం చదవగానే ఇంటికెళ్ళి మిషను విన్నాను. అందులో చోటు నిండిపోయి ఉంది. మొదట గ్యాసు అబ్బాయి, తర్వాత అత్తయ్య, ఇన్సూరెన్సాయన, అక్కణ్ణుంచి చివరిదాకా తిరుపతిరావు గారి నవ్వులు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దగ్గుతో కలిసినవి కొన్ని. చోటు నిండితే ఆ ఇంగ్లీషావిడ వచ్చి, ఇక పట్టదు, మీరు చెప్పినా లాభం లేదు అని చెబుతుంది. అత్తయ్య పద్ధతి నీకు తెలుసుగా. బ్యాంకు నుంచి చేసినా సరే, మిషను ఇంగ్లీషు ముగిసేదాకా మర్యాదగా ఆగి, తర్వాత మన మాట మనం చెప్పుకోవాలంటుంది. అత్తయ్య అడిగింది, వదినా. మిషను పట్టలేదు. నాన్న వినలేదు. ఆ ఆదివారం ఫోను మోగినప్పుడు ఆయన హాల్లోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంగ్లీషు వినపడి, తర్వాత ఏమీ వినపడకపోయేసరికి, ఏదో కంపెనీ వాళ్ళనుకుని వెళ్ళి పడుకున్నాడు.

ఇదంతా నాన్నకి చెప్పాను. అత్తయ్య నిజంగానే పిలిచిందని చెప్పాను. ఆయన మిషను వైపు చూసి, "నువ్వు చెప్తే పిలిచినట్టా? నా చెవిన పడలేదు" అన్నాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళాడు. చిక్కుడు పాదు దగ్గర ఊరికే నిలబడ్డాడు. ఒక్క కాయ కూడా కొయ్యలేదు. ప్రేమానందం గారి సంగతి అమ్మ చెప్పాక కొత్త బూట్లు పెట్టెలో పెట్టి, పెట్టె అటక మీద పెట్టించాడు.

మిషనులో ఇప్పుడు కొత్త మాటలేమీ చెప్పడం లేదు. ఆ ఇత్తడి గిన్నే ఉండిపోయింది. తిరుపతిరావు గారు ఫోను చెయ్యడం మానేసి, గేటు దాకా వచ్చి, "మాస్టారికి ఒంట్లో బాగుందా" అని అడిగి వెళ్తున్నారు.

శాంతి


నందిగామ,
అక్టోబరు నెలాఖరు.

శాంతీ,

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. గ్రైండరు విషయంలో తప్ప.

మిషను నిండిపోయిందని అమ్మకి చెప్పాను. "చెప్పాల్సింది చెప్పా. రెండోసారి అడగను" అంది. కానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నిన్న చర్చిలో ప్రేమానందం గారితో నడక సాధన జరిగింది. పాపం మంచాయన. నా మణికట్టు పట్టుకుని, రోడ్డు దాటిస్తున్నట్టు గబగబా లాక్కుపోయాడు. ముందుకెళ్ళాక, "బాగా నడిచావమ్మా" అన్నాడు. అమ్మ వెనక బెంచీలో కూర్చుని చూస్తోంది. నాన్న పోయిన రోజు శ్మశానం నుంచి ఇంటిదాకా మావయ్య నా చెయ్యి పట్టుకుని నడిచాడు. అప్పుడు నేను ఆరో తరగతి. ఒక్క మాట మాట్లాడలేదు, నా అడుగుకి తన అడుగు కుదించుకుని నడిచాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పేదాన్ని కాదు. ఎవరూ నడిపించకపోతే ఒక్కదాన్నే నడిచి వెళ్తాను, పర్వాలేదు. కానీ ఇంకొకరి చెయ్యి పట్టుకోలేను.

ఇంటికొచ్చాక ఇదే అమ్మతో అన్నాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. చివరికి, పెళ్ళి టైము మాత్రం మీ ఇంటికి తెలియజేస్తానంది. అదీ మిషనుకే, ఊళ్ళో అందరికీ చెప్పినట్టే. శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చేస్తుంది. ఆ టైము చెప్పే మాటలో ఇంకేమైనా వస్తుందేమో, నాకు తెలియదు. వస్తే పట్టాలి. అందుకని మిషను ఖాళీ చేసి ఉంచు. మావయ్యని ఇంట్లో ఉంచు. ఇంకేమీ చెయ్యకు. దణ్ణం పెడతాను, ఇంకేమీ చెయ్యకు.

మెర్లిన్


జగ్గయ్యపేట,
నవంబరు, మొదటి సోమవారం.

కాబోయే పెళ్ళికూతురు మెర్లిన్ వదిన గారికి,

మీ వైపు ఏం జరిగిందో నీకు తెలుసు. మా వైపు జరిగింది చరిత్ర కోసం రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే మిషను మొత్తం ఖాళీ చేశాను. తిరుపతిరావు గారి నవ్వులన్నీ తుడిచేశాను, కొంచెం బాధ కలిగింది. శనివారం నాన్నని వాకింగ్‌కి వెళ్ళకుండా ఆపడానికి నా డీఎస్సీ పుస్తకం తెచ్చి సందేహాలు అడిగాను. పాఠం చెప్పించుకుంటానంటే ఆయన పెళ్ళి అయినా మానేస్తాడు.

దీపాలు పెట్టే వేళకి ఫోను మోగింది. నాన్న పుస్తకం మూశాడు. కుర్చీ ఫోను వైపు తిప్పుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాలుగుసార్లు మోగింది. ఇప్పుడు తన గొంతు వినపడాలి. వినపడలేదు. ఐదు, ఆరు, ఏడు. పద్యం మధ్యలో ఆగిపోయిన పిల్లవాణ్ణి చూసినట్టు మిషనుని చూశాడు. మోత ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. అమ్మ వంటింట్లోంచి ఎత్తరేమని అడిగింది. "మిషను ఎత్తుద్ది" అన్నాడు నాన్న, అంత నమ్మకం లేకుండా. తిరుపతిరావు గారు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను పుస్తకంలో తల దూర్చి, పిల్లల మనస్తత్వ శాస్త్రం చదువుతున్నాను.

ఇంకో రెండుసార్లు మోగాక నాన్న లేచాడు. చెయ్యి పంచెకి తుడుచుకుని ఎత్తాడు. "హలో" అన్నాడు.

ఆయన సౌండు ఎప్పుడూ ఫుల్లు పెట్టుకుంటాడు కాబట్టి అంతా వినపడింది. అత్తయ్య నీతో అంటోంది, "ఇదేందే మెర్లిన్, హలో అని ఊరుకుంది. కూత పెట్టట్లా."

"కూత పెట్టదు మణీ" అన్నాడు నాన్న. "నేనే."

మీ వైపు గోడగడియారం చప్పుడు మా హాల్లో వినపడింది.

"మిషనేది?"

"పలకట్లా."

"అయితే పెట్టేస్తన్నా."

"పెట్టెయ్."

ఎవరూ పెట్టలేదు. అమ్మ గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"చర్చి పదింటికి" అంది అత్తయ్య. "అది చెబుదామని చేశా."

"ఊఁ."

"పిల్ల నీ చెయ్యి పట్టుకునే నడుస్తానంటంది." కొంచెం ఆగింది. "నేనూ అదే అంటన్నా. వస్తావా అన్నయ్యా?"

నాన్న మా ముందు ముఖం పెట్టుకుని ఉండలేక ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. చిక్కుడు పాదు దాటాడు, గేటు తీశాడు, వీధిలోకి వెళ్ళిపోయాడు. అక్కడ గరగర మొదలై మాట తెగుతుంటే, "వస్తా మణీ, వస్తా, వస్తన్నా" అని అరిచాడు. ఆ మాట నందిగామకంటే ముందు మా వీధంతటికీ చేరింది. తిరుపతిరావు గారు ఆయన మోచెయ్యి పట్టుకుని మళ్ళీ గేటు లోపలికి నడిపించుకొచ్చారు.

లోపలికొచ్చాక బేరం మొదలైంది. భోజన ప్రార్థన తనదేనన్నాడు. నీదేనంది. ఎంతసేపు అన్నాడు. "ముందు పాస్టరు గారు రెండు మాటల్లో కానిస్తారు. నువ్వు భోజనాలయ్యాక కృతజ్ఞతా ప్రార్థన చెయ్యి. పొద్దుగూకేదాకా చేసుకో, నేను కిమ్మంటే ఒట్టు" అంది. నాన్న ఆలోచించి, రూబీ పెళ్ళిలో మిగిలింది కూడా అందులోనే కలిపేస్తానన్నాడు. అత్తయ్య ఒక్క క్షణం ఆగి, సరేనంది. కాబట్టి వదినా, పెళ్ళికొచ్చేవాళ్ళతో రాత్రి బస్సు పట్టుకోవద్దని ముందే చెప్పు.

బూట్ల పెట్టె అటక మీంచి దిగింది. ఆదివారం పొద్దున హాల్లో అమ్మ చెయ్యి పట్టుకుని నడక సాధన చేస్తుంటే చూశాను. అడుగు బాగా కుదించి వేస్తున్నాడు. ఎందుకని అమ్మ అడిగితే, "ఆ పిల్ల అడుగు నాకు తెలుసు" అన్నాడు.

అప్పట్నుంచీ ఫోను మొదటిసారి మోగగానే నాన్నే ఎత్తుతున్నాడు. రెండు సాయంత్రాలుగా అన్నాచెల్లెళ్ళ మాటలు పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోతోందని అమ్మ ఫిర్యాదు. చల్లారలేదని నాన్న. ఆ వివాదంలో నేను తలదూర్చడం లేదు.

మిషను మాత్రం చెడిపోయిందని నాన్న తీర్మానించాడు. గ్యారంటీ కార్డు వెతుకుతున్నాడు. వచ్చే వారం విజయవాడ తీసుకెళ్ళి షాపువాణ్ణి నిలదీస్తాడట. ఏం పాపం చేశాడని ఆ షాపువాడు నిలబడాలి?

నువ్వు దణ్ణం పెట్టి మరీ, ఇంకేమీ చెయ్యకు అని రాశావు. మునేరు నీళ్ళకి, గాలివానకి, కరెంటుకి అడిగిన క్షమాపణలు వెనక్కి తీసుకుంటున్నాను, అవి నేను చెయ్యలేదు. చేసింది ఒకటే. శనివారం మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుండగా, ఆ స్టాండు మీద చిన్న ఎర్రదీపం పక్కనున్న బొత్తాం నొక్కాను. దీపం ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే మిషను ఎప్పట్లాగే పలుకుతుంది.

నొక్కడం లేదు.

శాంతి